పంచుకున్న గింజలతో హెంకా అసగావో: జపాన్ వింత మార్నింగ్ గ్లోరీలను పెంచే పద్ధతి

విత్తనాలు పంచుకునేవారి నుంచి చేతికందిన చిన్న కాగితపు పొట్లంలో పది గింజలుంటాయి. వాటితోపాటు వచ్చిన ఫొటోలో మాత్రం పక్షి ఈకలు చెదిరినట్టు రేకులు పీలికలై, మధ్యలోనుంచి మరో పువ్వు పొడుచుకువచ్చిన ఒక వింత పువ్వు కనిపిస్తుంది. ఈ పెంపకంలోకి కొత్తగా వచ్చినవారు మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఏమిటంటే, ఆ గింజలు ఆ పువ్వు కన్నవి కావు. ఆ పువ్వుకు గింజ కట్టే శక్తే లేదు. గింజనిచ్చింది దాని పక్కనే, ఒకే తల్లి గింజల నుంచి మొలిచి, చూడడానికి ఏ ప్రత్యేకతా లేకుండా ఎదిగిన తోబుట్టువు. దీన్ని గమనించక నేను మొదటి ఏడు, నారుమడిలో మామూలుగా కనిపించిన మొక్కలన్నింటినీ చోటు దండగని పీకివేసి, రెండే రెండు వింత మొక్కలను కుండీల్లో పెట్టి మురిసిపోయాను. అవి పూశాయి, అందరూ చూశారు, ఎండిపోయాయి. మరుసటి సంవత్సరానికి ఒక్క గింజ కూడా మిగలలేదు.

జపానీయులు అసగావో అని పిలిచే ఈ తీగ శాస్త్రనామం ఐపోమియా నిల్. ఆ పేరులో 'అస' అంటే ఉదయం, 'గావో' అంటే ముఖం. సుమారు 8వ శతాబ్దిలో ఇది చైనా నుంచి జపానుకు చేరినది అలంకారానికి కాదు, మందుకు. కెంగోషి పేరుతో వాడిన దీని గింజలు తీవ్రమైన విరేచనకారి. (పిల్లలూ పెంపుడు జంతువులూ ఉన్న ఇంట్లో గింజల పొట్లాలను అందనంత ఎత్తున ఉంచడానికి ఈ ఒక్క కారణం చాలు.) ఎదో అనే నగరంలో, అంటే నేటి టోక్యోలో, 1806లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదం తరువాత షితాయా ప్రాంతంలో ఖాళీపడిన నేలల్లో తోటమాలులు రకరకాల అసగావోలను పూయించడం మొదలుపెట్టారు. 1804 నుంచి 1830 వరకు సాగిన బుంకా, బున్సెయి కాలంలో ఒకసారి, 1848 నుంచి 1860 వరకు సాగిన కాయెయి, అన్సెయి కాలంలో మరొకసారి ఈ పూల మోజు నగరాన్ని ఊపివేసింది. ఆకారం మారిన ఈ రకాలనే హెంకా అసగావో అంటారు. హెంకా అంటే మార్పు.

మెండెల్ బఠాణీల ఫలితాలు 1866లో అచ్చయ్యాయి, ప్రపంచం వాటిని గుర్తించింది 1900లో. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే, జన్యువు అన్న మాటే తెలియని ఆ తోటమాలులు, గింజ కట్టని పువ్వును ఏటేటా తిరిగి రప్పించాలంటే దాని మామూలు తోబుట్టువుల గింజలను దాచాలని కనిపెట్టారు. మనం ఇప్పుడు చేయవలసినదీ అదే. కాకపోతే లెక్క తెలిసి చేస్తాము.

పొట్లం మీది రాతను చదవడం

జపాన్ పెంపకందారుల వాడుకలో మూడు మాటలు తప్పక తెలియాలి. గింజ కట్టని వింత మొక్కను దెమోనో అంటారు. ఆకారం మారినా గింజ కట్టేదాన్ని మసకి అంటారు. దెమోనో లక్షణాన్ని లోపల దాచుకుని, పైకి మామూలుగా కనిపిస్తూ గింజనిచ్చే తోబుట్టువును ఒయకి, అంటే తల్లి మొక్క అంటారు. పొట్లం అందగానే అందులోని గింజలు మసకి నుంచి వచ్చాయా, ఒయకి నుంచి వచ్చాయా అని అడగాలి. మసకి అయితే చింత లేదు. గింజ వేస్తే తల్లిలాంటి మొక్కే వస్తుంది, పది గింజలు ధారాళంగా సరిపోతాయి. ఒయకి అయితే కథ పూర్తిగా వేరు.

రకాల పేర్లు మొదట చూసినప్పుడు భయపెడతాయి గానీ, అవి నిజానికి పేర్లు కావు, వర్ణనలు. ఆకు రంగు, ఆకు మీది మచ్చలు, ఆకు ఆకారం, పువ్వు రంగు, పువ్వు మీది చారలు, పువ్వు ఆకారం, చివరగా ముద్దపువ్వా కాదా అన్న వరుసలో ఒక్కొక్క మాట చేరుస్తూ పోతారు. కబుకి నటుల వంశనామమైన ఇచికావా దంజూరో పేరు మీద ప్రసిద్ధికెక్కిన దంజూరో రకాన్నే చూడండి. దాని వర్ణన కి సెమిబా కురికావాచా మరుజకి తైరిన్: పసుపుపచ్చని ఆకు, సికాడా పురుగును తలపించే ఆకు ఆకారం, చెస్ట్‌నట్ చెక్కు వంటి గోధుమ రంగు, గుండ్రని పువ్వు, పెద్ద పరిమాణం. ఈ వర్ణన తెలిసినవారికి, గోధుమ రంగు పువ్వు పూసినంత మాత్రాన ప్రతిదీ దంజూరో కాదని, ముదురాకుపచ్చ ఆకుల మొక్క మీద ఆ పేరు చీటీ కడితే అది పొరపాటని ఇట్టే తెలుస్తుంది. ఆ పేరుతో చేతులు మారే గింజల్లో ఇటువంటివి తక్కువేమీ కాదు.

తరచుగా ఎదురయ్యే ఆకార పదాలు మరికొన్ని ఉన్నాయి. యానగి అంటే విల్లో చెట్టు. ఆకులూ రేకులూ సన్నని దారాల్లా మారిపోతాయి. షిషి అంటే సింహం. ఆకులు లోపలికి ముడుచుకుని మెలితిరుగుతాయి, పువ్వు ఈకల్లాంటి గొట్టాలుగా చీలుతుంది. తత్సుతా రకంలో ఆకు మేపుల్ ఆకులా సన్నని పాయలుగా చీలుతుంది. ఉజు రకంలో మొక్క అంతా కుదించుకుపోయి, ఆకు చిన్నదై దళసరిగా, ముదురుగా ఉంటుంది. షిదారె రకం తీగ పైకి పాకదు, నేల వైపు వేలాడుతుంది. ఫుయిరి అంటే ఆకు మీద తెల్లని మచ్చలు. బోతాన్ అంటే పియోనీ పువ్వు వంటి ముద్దపువ్వు. ఈ బోతాన్‌ను కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే గింజ కట్టకపోవడానికి గల కారణం దానిలో స్పష్టంగా కనిపిస్తుంది. పువ్వులో కేసరాలనూ అండకోశాన్నీ తయారుచేయించే ఒక జన్యువులోకి టీపీఎన్1 కుటుంబానికి చెందిన ట్రాన్స్‌పోసాన్, అంటే చోటు మారే డీఎన్ఏ ముక్క, దూరి ఆ జన్యువును పాడుచేసింది. దానితో కేసరాలు ఉండవలసిన చోట రేకులు, అండకోశం ఉండవలసిన చోట మరో పువ్వు పుట్టుకువస్తాయి. పుప్పొడీ లేదు, అండమూ లేదు. ఇక గింజ ఎక్కడిది?

ఒకే జాతిలో ఇన్ని రూపాలు పుట్టడానికి మూలం కూడా చాలావరకు ఈ కుటుంబపు ట్రాన్స్‌పోసాన్లే. 2016లో ఈ మొక్క జన్యుక్రమం వెలువడినప్పుడు, 15 జతల క్రోమోజోముల్లో విస్తరించిన సుమారు 75 కోట్ల క్షార జతల మధ్య వీటి ప్రతులు పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. రేకుల మీద కుంచెతో విదిలించినట్టు కనిపించే చుక్కలూ చారలూ కూడా, ఆ ముక్క రంగు జన్యువులోనుంచి కొన్ని కణాల్లో బయటికి దూకడం వల్ల ఏర్పడినవే.

ఎన్ని గింజలు వేయాలి

ఒయకి గింజల విషయంలో లెక్క తప్పించుకోలేనిది. దెమోనో లక్షణం ఒకే అంతర్గత జన్యువు (తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అందితేనే పైకి కనిపించేది) వల్ల వచ్చేదైతే, దాన్ని దాచుకున్న తల్లి గింజల్లో సగటున నాలుగింట ఒకటి దెమోనో అవుతుంది. షిషి బోతాన్ వంటి రకంలో రెండు వేర్వేరు లక్షణాలు ఒకే మొక్కలో కలవాలి కాబట్టి పదహారింట ఒకటే ఆ రూపంలో వస్తుంది. మూడు కలవవలసిన చోట అరవై నాలుగింట ఒకటి.

సగటు వేరు, చేతికి దక్కేది వేరు. పదహారు గింజలు వేస్తే ఒకటి తప్పక వస్తుందని అనుకోకూడదు. నూటికి తొంభై అయిదు పాళ్లు నమ్మకంతో కనీసం ఒక్క మొక్క కావాలంటే, మొదటి సందర్భంలో 11 గింజలు, రెండవదానిలో 47, మూడవదానిలో 191 మొలకెత్తాలి. పంచుకున్న పొట్లంలో ఉన్నది పదే అయితే, రెండు లక్షణాల రకం కనిపించే అవకాశం సగం కంటే కొంచెం తక్కువ. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. అటువంటి పొట్లం చేతికి వచ్చినప్పుడు మొదటి ఏడు పువ్వు కోసం కాక గింజల కోసం పెంచాలని నిర్ణయించుకుంటే, రెండవ ఏడు వందల గింజలతో పని మొదలుపెట్టవచ్చు.

ఆ కుదురులో, అంటే తరతరాలుగా కాపాడుతూ వస్తున్న ఆ గింజల వంశంలో, కొన్ని లక్షణాలు ముందే స్థిరపడి ఉంటే లెక్క తేలికవుతుంది. ఉదాహరణకు పసుపు ఆకు గింజ కట్టడానికి అడ్డుపడదు. కుదురులోని మొక్కలన్నీ పసుపు ఆకువే అయితే దాన్ని ఈ భాగహారంలోకి తీసుకోనక్కరలేదు. అందుకే గింజలిచ్చినవారిని ఏయే లక్షణాలు స్థిరంగా ఉన్నాయి, ఏవి విడిపోతున్నాయి, కిందటి ఏడు ఎన్నింటిలో ఎన్ని దెమోనోలు వచ్చాయి అని అడగడం అవసరం. తెలిసిన పెంపకందారు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు.

విత్తే కాలం, విత్తే తీరు

నేల ఉష్ణోగ్రత 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు విత్తాలి. జపాన్‌లోని టోక్యో ప్రాంతంలో ఇది మే మధ్య నుంచి జూన్ మొదటి వారాల వరకు వస్తుంది. చల్లని తడి మట్టిలో వేసిన గింజ మొలవదు, కుళ్లుతుంది.

వేడి కంటే ముఖ్యమైనది చీకటి. ఐపోమియా నిల్ హ్రస్వదీప్తికాల మొక్క, అంటే పగళ్లు తగ్గి రాత్రులు పెరిగితే పూసేది. వృక్షశాస్త్ర ప్రయోగశాలల్లో పూత రహస్యాన్ని పరిశోధించడానికి దీని వైలెట్ రకాన్ని దశాబ్దాలుగా వాడుతున్నారంటే, ఆ రకంలో బీజదళాల (మొలకకు మొదట వచ్చే ఆకుల జత) దశలోని మొలకకు ఒకే ఒక్క పొడవైన చీకటి రాత్రి ఇచ్చినా అది మొగ్గ తొడగడమే కారణం. రకాన్ని బట్టి కొంత తేడా ఉన్నా, రాత్రి చీకటి సుమారు తొమ్మిది, పది గంటలు దాటితే పూతకు సంకేతం అందినట్టే. కాబట్టి పగళ్లు పెరుగుతున్న కాలంలో విత్తితే తీగ బాగా ఎదిగి తరువాత పూస్తుంది. పగళ్లు తరిగే కాలంలో విత్తితే జానెడు ఎత్తులోనే మొగ్గ వేసి ఎదుగుదల ఆపుతుంది. ఏడాది పొడవునా రాత్రులు దీర్ఘంగా ఉండే ఉష్ణమండల ప్రాంతాల్లో పెంచేవారు, మొదటి నాలుగైదు వారాలు సాయంత్రం దీపం వెలిగించి, చీకటి ఎనిమిది గంటలకు మించకుండా చూస్తే తీగ కట్టుకునే వ్యవధి దొరుకుతుంది. దీనికి తిరుగు వైపు కూడా ఉంది: వీధి దీపం నేరుగా పడే చోట పెట్టిన తీగ ఆకులు వేస్తూనే ఉంటుంది గానీ మొగ్గ వేయదు.

ఆలస్యంగా విత్తడాన్ని తప్పుగానే చూడనక్కరలేదు. ఒయకి మొక్కల నుంచి మనకు కావలసినది అందం కాదు, గింజ. చోటు తక్కువ ఉన్నవారు వాటిని కావాలనే ఆలస్యంగా, చిన్న చిన్న కుండీల్లో విత్తితే, పొట్టిగా ఉండగానే పూసి ఒక్కొక్కటి కొన్ని కాయలనిస్తుంది. ఒక చిన్న బల్ల మీద ఇరవై తల్లి మొక్కలను నిలపవచ్చు.

గింజ నారింజ తొన ఆకారంలో ఉంటుంది: ఒక వైపు గుండ్రని వీపు, రెండు వైపులా చదును, ఒక కొసన కాయకు అతుక్కున్న మచ్చ. పెంకు గట్టిది, నీరు పీల్చదు. అందువల్ల గుండ్రని వీపు మీద, మచ్చకు దూరంగా, నెయిల్ కట్టర్‌తో చిన్న గాటు పెట్టాలి లేదా ఉప్పుకాగితం మీద రుద్ది లోపలి తెల్లని భాగం చుక్కంత కనిపించేదాకా అరగదీయాలి. మచ్చ ఉన్న వైపు తాకకూడదు, వేరు మొలక అక్కడే ఉంటుంది. గాటు పెట్టిన గింజను రాత్రంతా నీళ్లలో నానవేయవలసిన పని లేదు. ఎక్కువసేపు నానితే అదే కుళ్లుకు దారి తీస్తుంది. గాటు పెట్టకుండా ముందు కొన్ని గంటలు నీళ్లలో వేసి, ఉబ్బినవాటిని నేరుగా విత్తి, ఉబ్బనివాటికి మాత్రమే గాటు పెట్టడం ఇంకా భద్రమైన పద్ధతి. పదే గింజలున్నప్పుడు నేను దీన్నే పాటిస్తాను.

మచ్చ కిందికి, గుండ్రని వీపు పైకి ఉండేలా ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున పెట్టాలి. ట్రేలోని ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క గింజ వేసి, ప్రతి తల్లి మొక్క గింజలకు వేరుగా చీటీ గుచ్చాలి. విత్తే మట్టిలో ఎరువు వద్దు. నీరు సులువుగా దిగిపోయే శుభ్రమైన మిశ్రమం చాలు. తగిన వెచ్చదనంలో నాలుగు రోజుల నుంచి వారం లోపల మొలకలు పైకి వస్తాయి.

బీజదళాల దగ్గర ఏరివేత

హెంకా అసగావో పెంపకంలో కన్ను అలవాటు పడవలసిన ఘట్టం ఇదే, నా మటుకు నాకు పూత కంటే ఇష్టమైన ఘట్టం కూడా. మామూలు అసగావో మొలక బీజదళాలు సీతాకోకచిలుక రెక్కల్లా మధ్యలో లోతుగా చీలి, వెడల్పుగా, చదునుగా ఉంటాయి. యానగి మొలక బీజదళాలు సన్నని పట్టీల్లా ఉంటాయి. షిషి మొలకవి ముడుచుకుని మెలితిరిగి, తడిసిన కాగితాన్ని నలిపినట్టు కనిపిస్తాయి. ఉజు మొలకవి చిన్నగా, దళసరిగా, ముదురాకుపచ్చగా ఉంటాయి, కాండం పొట్టిది. పసుపు ఆకు రకాలు మొలిచిన రోజునే లేత పసుపు ఛాయ చూపుతాయి. కాండం ఎర్రగానో ఊదాగానో ఉంటే రంగు పూలు వస్తాయని ఊహించవచ్చు. పూర్తిగా ఆకుపచ్చ కాండం ఎక్కువగా తెల్ల పూలకు గుర్తు.

కొన్ని లక్షణాలు ఈ దశలో బయటపడవు. షిదారె కాండం సాగిన తరువాతే తెలుస్తుంది, తత్సుతాను నిర్ధారించడానికి అసలు ఆకులు రావాలి. బోతాన్ అయితే మొగ్గ వేసేదాకా దాగే ఉంటుంది. కనుక షిషి బోతాన్ కుదురులో షిషి మొలకలను ఎన్ని దొరికితే అన్నీ ఉంచాలి. వాటిలో సుమారు నాలుగింట ఒకటి మాత్రమే చివరికి బోతాన్ అవుతుంది.

వింత మొలకలు తరచుగా బలహీనమైనవి. మడతలు పడిన బీజదళాలు పెంకును తమంతట తాము వదిలించుకోలేక ఇరుక్కుంటాయి. అప్పుడు పెంకు మీద నీటి చుక్క వేసి, అరగంట ఆగి, మెత్తబడిన తరువాత పట్టకారుతో నెమ్మదిగా తీయాలి. ఎండిన పెంకును లాగితే తల ఊడివస్తుంది.

ఇక మామూలు మొలకల సంగతి. ఒక లక్షణం విడిపోయే కుదురులో, మామూలుగా కనిపించే మూడింటిలో రెండు ఆ లక్షణాన్ని దాచుకున్నవి, ఒకటి ఖాళీది. ఏది ఏదో చూసి చెప్పలేము. మూడు మొక్కలను ఉంచితే మూడూ ఖాళీవి అయ్యే ప్రమాదం 27లో ఒక వంతు, అయిదు ఉంచితే 243లో ఒక వంతు. అందువల్ల అయిదుకు తగ్గకుండా ఉంచాలి. రెండు లక్షణాలూ పైకి కనిపించకుండా దాగి ఉండే కుదురులో, మామూలు మొక్కల్లో తొమ్మిదింట నాలుగే రెండింటినీ మోస్తాయి. అక్కడ ఆరు ఏడు మొక్కలైనా ఉంచడం మంచిది. దెమోనోలు ఒక్కటీ రాకపోయినా ఈ మామూలు మొక్కలను పీకకూడదు, ఎందుకంటే కుదురు వాటిలోనే బతికి ఉంటుంది.

కుండీ, తీగ, నీరు

రెండు మూడు అసలు ఆకులు వచ్చాక చిన్న కుండీలోకి, వేర్లు కుండీని నింపాక 15 నుంచి 18 సెంటీమీటర్ల వ్యాసం గల కుండీలోకి మార్చాలి. దెమోనోలను ఒక్కసారిగా పెద్ద కుండీలో పెట్టకూడదు. బలహీనమైన వేర్ల చుట్టూ తడి మట్టి ఎక్కువైతే అవి మురిగిపోతాయి. ఆకు ఎరువు కలిపిన, నీరు నిలవని మట్టి, రోజంతా ఎండ, పలచని ద్రవ ఎరువు వారానికొకసారి చాలు. నత్రజని ఎక్కువైతే ఆకు బలుస్తుంది, పువ్వు వెనకబడుతుంది.

జపాన్‌లో వాడుకలో ఉన్న అందోన్ పద్ధతి, అంటే దీపపు గూడు ఆకారంలో మూడు వలయాలను నిలువు కర్రలకు బిగించి వాటి చుట్టూ తీగను తిప్పడం, గుండ్రని పెద్ద పూల రకాలకు బాగుంటుంది. టోక్యోలోని ఇరియాలో ఏటా జూలై 6 నుంచి 8 వరకు జరిగే అసగావో సంతలో కుండీలు ఎక్కువగా ఈ ఆకారంలోనే కనిపిస్తాయి. తీగను తిప్పేటప్పుడు పైనుంచి చూస్తే గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిప్పాలి. అది దాని సహజమైన దిశ. తిరగవేసి చుడితే తెల్లవారేసరికి కొస విడిపించుకుని ఉంటుంది. షిదారె రకానికి ఎత్తైన కర్రకు కట్టి కొసను కిందికి వదలాలి. గురుత్వాకర్షణను గ్రహించడానికి అవసరమైన కణాల పొర దానిలో సరిగా ఏర్పడదు కాబట్టి, దాన్ని పైకి పాకించాలని పోరాడడం వృథా ప్రయాస. యానగి, షిషి రకాలకు ఒక సన్నని కర్ర సరిపోతుంది. వాటి అందం దగ్గరగా చూడవలసినది.

నీరు ఉదయం నిండుగా, సాయంత్రం అవసరమైనంత మేరకే పోయాలి. పొడి వేడిలో ఎర్రనల్లి ఆకు అడుగున చేరుతుంది, ఆకు అడుగును నీటితో కడగడం మొదటి వైద్యం. ఒక్క రాత్రిలో ఆకులు మాయమైతే తోక మీద ముల్లు గల లావుపాటి గొంగళి కోసం వెతకాలి. అది ఈ కుటుంబపు తీగలను తినే హాక్ మాత్ పిల్ల పురుగు. ఆకులు మొజాయిక్ మచ్చలతో ముడుచుకుంటే ముందు అది వైరస్సా, రకపు లక్షణమా అని ఆలోచించాలి. లక్షణమైతే మొదటి ఆకు నుంచీ ఉంటుంది, మధ్యలో మొదలైతే తెగులని అనుమానించి మొక్కను దూరం పెట్టాలి.

పువ్వు చీకటి పడిన సుమారు పది గంటలకు విచ్చుకుంటుంది. చూడాలన్నా, ఫొటో తీయాలన్నా ఎండెక్కక ముందే పని ముగించాలి.

గింజ కట్టించడం

ఐపోమియా నిల్ పువ్వు విచ్చుకునే ముందు గంటల్లో కేసరాల కాడలు సాగి, పుప్పొడి తిత్తులు కీలాగ్రాన్ని ఒరుసుకుంటూ పోతాయి. ఆత్మపరాగ సంపర్కం అక్కడికక్కడే జరిగిపోతుంది. అందువల్ల మామూలు పువ్వుల మొక్కలు పక్కపక్కన ఉన్నా పెద్దగా కలవవు. అయితే కీలాగ్రం కేసరాల కంటే పొడవుగా బయటికి వచ్చిన రకాల్లోనూ, రేకులు చీలి తెరిచిన రకాల్లోనూ కీటకాలు పుప్పొడి తెచ్చే వీలుంది. అటువంటి చోట, ముందు రోజు సాయంత్రం రేపు విచ్చుకోబోయే మొగ్గకు పలచని కాగితపు గొట్టం తొడిగి దారం కట్టాలి. మసకి రకాల్లో కొన్ని తమంతట గింజ కట్టవు గానీ, ఉదయం కుంచెతో అదే మొక్క పుప్పొడిని కీలాగ్రానికి రాస్తే కడతాయి. దెమోనోలో అప్పుడప్పుడు పుప్పొడి బాగుండి అండకోశం మాత్రమే చెడి ఉంటుంది. ఆ పుప్పొడిని ఒయకి పువ్వుకు వాడవచ్చు, అప్పుడు తరువాతి తరంలో దెమోనోల పాలు పెరుగుతుంది.

అలా సంకరం చేయదలిస్తే, తల్లిగా ఎంచుకున్న పువ్వు మొగ్గను ముందు రోజు సాయంత్రమే నిలువునా చీల్చి, అయిదు కేసరాలనూ పట్టకారుతో తీసివేసి, కాగితం కప్పి, మరునాటి తెల్లవారుజామున పుప్పొడి రాసి, మళ్లీ కప్పాలి. కాడకు దారం కట్టి తండ్రి పేరు, తేదీ రాయకపోతే మధ్యాహ్నానికే అది మిగతావాటిలో కలిసిపోతుంది.

చారల పూల విషయంలో ఒక చిక్కు ఉంది. ట్రాన్స్‌పోసాన్ బయటికి దూకిన కొమ్మ మీద చారలు లేని నిండు రంగు పువ్వులు పూస్తాయి. చారల రకాన్ని నిలుపుకోవాలంటే చక్కగా చారలు పడిన కొమ్మల నుంచే గింజ తీయాలి. అలా చేసినా కొన్ని నిండు రంగువి వస్తూనే ఉంటాయి, ఎందుకంటే మన కంటికి కనిపించే రంగు రేకు పైపొరలోనిది, గింజకు చేరే కణాలు లోపలి పొర నుంచి వచ్చేవి. రెండూ ఎప్పుడూ ఒకే మాట చెప్పవు.

కాయలో మూడు అరలు, ఒక్కొక్క అరలో రెండేసి గింజలు, మొత్తం ఆరు దాకా ఉంటాయి. కాయ గోధుమ రంగుకు తిరిగి, వేలితో నొక్కితే పలచని పొట్టు చిటపటమనే వరకు కోయకూడదు. వాన పట్టి కాయలు తడిసిపోతుంటే మాత్రం రంగు తిరగడం మొదలైనవాటిని కాడతో సహా కోసి, నీడలో గాలి తగిలేచోట ఆరవేయాలి.

పొట్లాలు కట్టడం, తిరిగి పంచడం

ప్రతి తల్లి మొక్క గింజలనూ వేరు పొట్లంలో పెట్టాలి. అన్నింటినీ ఒక డబ్బాలో పోస్తే దాచుకున్నవీ ఖాళీవీ కలిసిపోయి, ఏటేటా దెమోనోల పాలు తరిగి, కుదురు మెల్లగా మామూలు అసగావోగా మారిపోతుంది. వేరుగా ఉంచితే మరుసటి ఏడు ఒక్కొక్క పొట్లం నుంచి 11 గింజలు వేసి పరీక్షించవచ్చు. దాచుకున్న తల్లి అయితే దెమోనో ఒక్కటైనా కనిపించకపోయే అవకాశం నూటికి నాలుగు పాళ్లే. బీజదళాల దగ్గరే బయటపడే లక్షణమైతే ఈ పరీక్షకు రెండు వారాలూ ఒక ట్రే చాలు, ఖాళీ పొట్లాలను అప్పుడే పక్కన పెట్టవచ్చు.

బాగా ఆరిన గింజలను కాగితపు పొట్లాల్లో, వాటిని సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచితే ఎన్నో ఏళ్లు మొలకశక్తి నిలుస్తుంది. కాబట్టి ఉన్న కుదుళ్లన్నింటినీ ఏటా విత్తాలన్న ఆరాటం అవసరం లేదు. ఈ ఏడు కొన్ని, వచ్చే ఏడు కొన్ని వేసినా సరిపోతుంది. ఒక కుదురు గింజలన్నీ ఒకేసారి విత్తడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

జపాన్‌లో ఈ కుదుళ్లను పెద్ద ఎత్తున కాపాడుతున్నది క్యుషు విశ్వవిద్యాలయం. చిబా జిల్లా సకురాలోని జాతీయ చరిత్ర మ్యూజియానికి చెందిన ఉద్యానంలో ప్రతి వేసవిలోనూ వీటి ప్రదర్శన జరుగుతుంది. అక్కడివైనా, తోటి పెంపకందారులవైనా, గింజలు దేశ సరిహద్దు దాటేటప్పుడు చాలా దేశాలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతాయి, కొన్నిచోట్ల దిగుమతి అనుమతి కూడా కావాలి. కొన్ని ప్రాంతాల్లో ఐపోమియా తీగలు కలుపు మొక్కల జాబితాలో ఉంటాయి. కవరులో చాటుగా పెట్టి పంపమని ఎవరినీ అడగవద్దు. పట్టుబడిన పొట్లం నాశనమవుతుంది, అందులోని గింజలు ఆ కుదురులో చివరివి కూడా కావచ్చు.

ఇతరులకు పంచేటప్పుడు ప్రతి పొట్లం మీద కుదురు పేరు, గింజ కోసిన సంవత్సరం, తల్లి మొక్క సంఖ్య, అది మసకియా ఒయకియా, ఒయకి అయితే పరీక్షించినదా లేదా, పరీక్షలో ఎన్ని మొలకల్లో ఎన్ని దెమోనోలు వచ్చాయి అన్న వివరాలు రాయాలి. పరీక్షించని పొట్లాలే ఉన్నప్పుడు ఒకే తల్లి నుంచి యాభై గింజలు ఇవ్వడం కంటే, అయిదు తల్లుల నుంచి పదేసి చొప్పున అయిదు చిన్న పొట్లాలుగా ఇవ్వడం పుచ్చుకునేవారికి మేలు. ఫొటో జతచేస్తే దెమోనో పువ్వుదే కాక, దాని బీజదళాలదీ, గింజనిచ్చిన మామూలు మొక్కదీ కూడా జతచేయండి.